కరెంటూ ఎండా లేని రోజుకు ఎంత బ్యాటరీ?

సోలార్ మీద ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం నెల్లూరు, ప్రకాశం జిల్లాల తీరప్రాంతం నుంచే. ఒకే విషయం మీద వచ్చినవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న (కొత్తపట్నం నుంచి ఒక పాఠకురాలు): మాకు నెలకు 300 యూనిట్ల దాకా కాలుతుంది. 3 కిలోవాట్ల ప్లేట్లు పెట్టిద్దామనుకున్నాం. తుఫానొస్తే మా ఊళ్లో ఒకటి రెండు రోజులు కరెంటు ఉండదు. బ్యాటరీ ఒకరు 5 యూనిట్లది చాలంటారు, ఇంకొకరు 10 లేకపోతే దండగంటారు. ఎవరి మాట వినాలండీ?

జవాబు: ఇద్దరి మాటా వినకండి, ముందు కాగితం మీద లెక్క వేయండి. 3 కిలోవాట్ల ప్లేట్లు మన ఎండకు ఏడాది సగటున రోజుకు 12 యూనిట్ల దాకా ఇస్తాయి. మీ 300 యూనిట్లకు అది సరిపోయినట్టే. కానీ ఆ సగటు మే నెల ఎండనూ నవంబరు ముసురునూ కలిపి తీసింది. మన రెండు జిల్లాల తీరానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి. కరెంటు పోయేది కూడా అప్పుడే. బాగా మబ్బు పట్టిన రోజు అవే ప్లేట్లు ఒకటిన్నర నుంచి 3 యూనిట్లకు మించి ఇవ్వవు. కాబట్టి బ్యాటరీ లెక్క ఆ రోజును చూసి వేయాలి.

కరెంటు లేని రోజున తప్పనిసరిగా నడవాల్సినవి రాసుకోండి. 30 వాట్ల బీఎల్‌డీసీ (తక్కువ కరెంటుతో తిరిగే రకం) ఫ్యాన్లు మూడు, 10 గంటలు: 900 వాట్ అవర్లు. 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఐదు, 6 గంటలు: 270. మామూలు సైజు ఫ్రిజ్: రోజుకు 1200. వైఫై 24 గంటలూ ఉంచితే 240. టీవీ 2 గంటలకు 160, ఫోన్ల చార్జింగుకు 60. మొత్తం 2830, అంటే 2.8 యూనిట్లు.

చాలామంది లెక్క ఇక్కడితో ఆపేస్తారు, తర్వాత బ్యాటరీ మంచిది కాదని తిట్టుకుంటారు. బ్యాటరీ కరెంటును ఇంటి కరెంటుగా మార్చేటప్పుడు పదో వంతు పోతుంది. అదొక 0.3. పైగా 3 నుంచి 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్లేట్లను, బ్యాటరీని, లైనును కలిపి నడిపేది) ఏ పనీ చేయకుండా ఆన్‌లో ఉన్నా 40 నుంచి 60 వాట్లు తానే తాగుతుంది. రోజుకది 1.2 యూనిట్లు, అంటే మీ ఫ్రిజ్ తినేంత! అన్నీ కలిపితే 4.3.

51.2 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలో ఉండేది 5.12 యూనిట్లు, అందులో 90 శాతం వాడుకుంటే 4.6. ప్లేట్ల నుంచి చుక్క రాకపోయినా మీకు ఒక రోజు గడుస్తుంది. మబ్బు రోజున వచ్చే ఆ కాస్త కరెంటు కలిస్తే రెండో రోజు కూడా చాలావరకు లాగొచ్చు. ఇదే ఇంట్లో 75 వాట్ల పాత ఫ్యాన్లు ఉంటే రోజు ఖర్చు 5.8 యూనిట్లకు చేరి బ్యాటరీ 19 గంటలకే ఖాళీ అవుతుంది. రెండో బ్యాటరీ కొనడం కంటే ముందు మూడు ఫ్యాన్లు మార్చడం చవక.

బోరు మోటారును మాత్రం ఈ లెక్కలోకి తేకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు కిలోవాటు అటూఇటుగానే తీసుకున్నా, స్టార్టయ్యే క్షణంలో దానికి చాలా రెట్లు గుంజుతుంది. 3 కిలోవాట్ల ఇన్వర్టర్ ఆ దెబ్బకు ట్రిప్ అయితే ఇంట్లో దీపాలు కూడా పోతాయి. ఏసీ, గీజరు, మోటారు మామూలు లైను మీదే ఉంచి, బ్యాకప్‌కు వేరే డిస్ట్రిబ్యూషన్ బాక్సు పెట్టించండి. వైరింగు చేసేటప్పుడు బ్యాకప్ సర్క్యూట్ల న్యూట్రల్ కూడా విడిగా తీయమని చెప్పండి. రెండు వైపుల న్యూట్రళ్లూ కలిసిపోతే ఇన్వర్టర్ మాటిమాటికీ ఫాల్ట్ చూపిస్తుంది, కారణం వెతకడానికి రోజులు పడుతుంది.

ప్రశ్న (కావలి): మేడ మీద సోలార్ ఉంది, ఎండ మండిపోతోంది, అయినా కరెంటు పోగానే మా ఇంట్లోనూ పోతోంది. అమ్మినవాళ్లు మోసం చేశారా?

జవాబు: లేదు. మీది బ్యాటరీ లేని గ్రిడ్ టై ఇన్వర్టర్, అంటే కరెంటు లైనుతో (గ్రిడ్‌తో) కలిసి మాత్రమే నడిచేది. లైనులో కరెంటు లేకపోతే అది తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే మీ ప్లేట్ల కరెంటు లైనులోకి పారి, స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. బ్యాకప్ కావాలంటే హైబ్రిడ్ ఇన్వర్టర్, బ్యాటరీ ఉండాలి. ఈ సంగతి కొనేముందే చెప్పకపోవడం మాత్రం అమ్మినవాళ్ల తప్పే.

కరెంటు ఉండగా మిట్టమధ్యాహ్నం ఆగుతుంటే కథ వేరు. ఇన్వర్టర్ లాగ్‌లో 'గ్రిడ్ ఓవర్ వోల్టేజ్' అని ఉందేమో చూడండి. ఇన్వర్టర్ నుంచి మీటరు దాకా వేసిన కేబులు సన్నదైనా, చాలా దూరమైనా వోల్టేజి అక్కడే పెరిగి పరిమితి దాటుతుంది. కేబులు లావుది వేయిస్తే చాలాసార్లు సరిపోతుంది. కాకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ (వోల్టేజి తగ్గించే అమరిక) మార్చమని సబ్‌స్టేషన్లో రాసివ్వండి.

ప్రశ్న (మైపాడు): సముద్రానికి అర కిలోమీటరులో ఉంటాం. కింద నీడకు పనికొస్తుందని మేడ మీద 8 అడుగుల ఎత్తున పందిరిలా స్టాండు వేయించుకోమంటున్నారు. గాలికి నిలుస్తుందా? తుప్పు సంగతేమిటి?

జవాబు: గాలి లెక్క ముందు. కట్టడాల మీద గాలి భారానికి వాడే భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం నెల్లూరుకు ఇచ్చిన మూల గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. ఆ వేగంలో గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 150 కిలోలు. 550 వాట్ల ప్లేటు వైశాల్యం 2.58 చదరపు మీటర్లు. ఆరు ప్లేట్లకు 15.5. అంతా నిటారుగా గాలికి ఎదురొడ్డితే 2300 కిలోలు. వాలుగా ఉన్న ప్లేటు మీద అంత పడదు కానీ, సగమే వేసుకున్నా టన్ను దాటుతుంది. అదీ కిందినుంచి పైకి ఎత్తే బలం. ఇప్పుడు మామూలుగా పెట్టే అడుగు ఘనం కాంక్రీటు దిమ్మెలు చూడండి: ఒక్కొక్కటి 68 కిలోలు, ఎనిమిది కాళ్లకు 544 కిలోలు. దిమ్మె మీద నిలబెట్టి వదిలేసిన స్టాండు తుఫానుకు ఎందుకు లేస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి.

మా సలహా, పందిరి మానుకోండి. ముందు కాలు అడుగు ఎత్తు, దక్షిణం వైపు 10 డిగ్రీల వాలు చాలు. మన అక్షాంశానికి తగ్గట్టు 14, 15 డిగ్రీలు పెడితే వచ్చే లాభం ఒక శాతం కూడా ఉండదు, గాలి దెబ్బ మాత్రం పెరుగుతుంది. 10 కంటే తగ్గిస్తే వాననీళ్లు జారక కింది అంచున మట్టి పేరుకుంటుంది. కాళ్లు దూలాల మీద పడేలా చూసి, ఎం12 కెమికల్ యాంకర్లతో (శ్లాబు రంధ్రంలో జిగురు మందుతో పట్టే 12 మిల్లీమీటర్ల బోల్టులు) బిగించి, చుట్టూ గ్రౌటు పోయించండి. లేకపోతే శ్లాబు కారుతుంది. పిట్టగోడకు మూడు నాలుగు అడుగుల లోపలికి జరపండి, మిద్దె అంచుల దగ్గరే గాలి సుడి ఎక్కువ. నీడ కోసం పందిరే కావాలంటే ప్రతి రెండు కాళ్ల మధ్యా అడ్డ బద్దెలు ఉండాలి, స్ట్రక్చరల్ ఇంజినీరు సంతకం ఉన్న డ్రాయింగు ఉండాలి. అవి లేని కొటేషన్ పక్కన పెట్టండి.

తుప్పు గురించి: 'జీఐ పైపులే సార్' అనే మాటతో ఆగకండి. రెండు రకాలున్నాయి. ముందే పూత పూసిన రేకుతో చేసిన జీపీ పైపుల్లో, 120 జీఎస్ఎం (రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 120 గ్రాముల జింకు) రకానికి, ఒక్కో వైపు జింకు 8 మైక్రాన్లు. తయారయ్యాక కరిగిన జింకులో ముంచి తీసిన హాట్ డిప్ రకానికి 80 మైక్రాన్లు. ఉప్పుగాలిలో రెండూ ఒకటి కావు. హాట్ డిప్ తీసుకున్నా, కోతలు, రంధ్రాలు, వెల్డింగు అన్నీ ముంచకముందే అయిపోవాలి. మేడ మీద వెల్డింగు పెట్టినచోట జింకు కాలిపోతుంది, మొదటి తుప్పు అక్కడే. మీటరుతో పూత మందం కొలిచి చూపించమని అడగండి, నిమిషం పని. బోల్టులు ఎస్ఎస్ 316 తీసుకోండి. 304 మీ ఊళ్లో టీ మరకల్లా గోధుమరంగు పట్టేస్తుంది. నట్లు నైలాక్ రకం (లోపల నైలాన్ రింగు ఉన్నవి) ఉండాలి, గాలి అదురుకు మామూలు నట్టు వదులవుతుంది. ప్లేటు అల్యూమినియం ఫ్రేము ఇనుముకు నేరుగా తగలకుండా మధ్యలో రబ్బరు లేదా నైలాన్ వాషరు వేయించండి. రెండు లోహాల మధ్య ఉప్పు తడి చేరితే అల్యూమినియమే తినేస్తుంది. ప్లేట్లకు ఐఈసీ 61701 సర్టిఫికెట్ ఉందా అని కూడా అడగండి. అది ఉప్పు పొగమంచు పరీక్ష.

ప్రశ్న (సింగరాయకొండ): ఇంట్లో ఇప్పటికే ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీలు రెండు ఉన్నాయి. ఉన్నవాటికే ప్లేటు తగిలించుకోవచ్చా?

జవాబు: నిక్షేపంగా. రెండూ సిరీస్‌లో 24 వోల్టులు, 3.6 యూనిట్లు, బ్యాటరీ ఆయుష్షు కోసం సగమే వాడాలి, అంటే 1.8. ఇలాంటి బ్యాటరీని సామర్థ్యంలో పదో వంతు, అంటే 15 ఆంపియర్ల దగ్గర చార్జ్ చేయడం మంచిది. 550 వాట్ల ప్లేటు ఒకటి చాలు. దానికి ఎంపీపీటీ రకం (ప్లేటును దాని సొంత వోల్టేజి దగ్గరే నడిపి పూర్తి పవరు తీసేది) చార్జ్ కంట్రోలరే పెట్టండి, చవగ్గా వస్తుందని పీడబ్ల్యూఎం వద్దు. ఆ ప్లేటు 41 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. పీడబ్ల్యూఎం దాన్ని బ్యాటరీ వోల్టేజికి, సుమారు 27కు, లాగేస్తుంది. 13 ఆంపియర్లు ఇంటూ 27 చేస్తే 350 వాట్లే, మూడో వంతు గాలికి. ఎంపీపీటీకి 20 ఆంపియర్లది తీసుకుని, చార్జింగు 15కు పరిమితం చేయండి. లైను నుంచీ అదే సమయంలో చార్జ్ అవుతుంటే పగలు దాన్ని ఆపాలి. డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూసుకోండి.

ప్రశ్న (విడవలూరు): జనవరి నుంచి ఉత్పత్తి తగ్గుతూ వస్తోంది. బోరు నీళ్లతో కడుగుతున్నా లాభం లేదు.

జవాబు: బోరు నీళ్లే కారణం కావచ్చు. ఉప్పు, సున్నం ఉన్న నీళ్లు వేడి అద్దం మీద ఆరితే తెల్లపొర కడుతుంది, కడిగేకొద్దీ మందమవుతుంది. వాన నీళ్లో, కుళాయి నీళ్లో వాడండి. ఆర్‌ఓ నుంచి బయటకొచ్చే వృథా నీళ్లు అసలే వద్దు, బోరు నీళ్ల కంటే అవే ఉప్పన. ఎండ రాకముందే మెత్తటి గుడ్డ కట్టిన కర్రతో కడగండి. కాలిపోతున్న అద్దం మీద చన్నీళ్లు పోస్తే పగలొచ్చు. ఉన్న పొరకు ఒకసారి పలచటి వెనిగర్ నీళ్లతో తుడిచి, వెంటనే మంచి నీళ్లు పోయండి.

మే నెల తగ్గుదల కొంత మాత్రం మురికి వల్ల కాదు. బయట 40 డిగ్రీలుంటే ప్లేటు 65 దాకా కాగుతుంది. 25 డిగ్రీల పైన ప్రతి డిగ్రీకి 0.35 శాతం చొప్పున పోతుంది కాబట్టి 14 శాతం అక్కడే పోయింది. ప్లేట్ల కింద గాలి ఆడనివ్వడం తప్ప దానికి మందు లేదు.

ప్రశ్న (ఇందుకూరుపేట): ఇన్వర్టర్, బ్యాటరీ వరండాలో పెట్టొచ్చా?

జవాబు: సముద్రం వైపు తెరుచుకున్న వరండా అయితే వద్దు. ఫ్యాను ఉన్న ఇన్వర్టర్ ఉప్పుగాలిని పీల్చి బోర్డుల మీద పరుస్తుంది. ఫ్యాను లేని ఐపీ 65 రకం (దుమ్ము, నీళ్లు చొరనిది) తీసుకుని, ఎండ పడని ఉత్తరం గోడకు, చుట్టూ అడుగు ఖాళీ వదిలి బిగించండి. బ్యాటరీ పడకగదిలో కాక, గాలి వచ్చే గదిలో పెట్టండి. 2021 నవంబరు పెన్నా వరదలో మీ వీధిలోకి నీళ్లు ఎంత వచ్చాయో గుర్తు చేసుకుని, ఆ గుర్తుకు రెండడుగుల పైన స్టాండు వేయండి. మునిగిన లిథియం బ్యాటరీ ఆరినట్టు కనిపించినా మళ్లీ ఆన్ చేయకూడదు.

ప్రశ్న (ముత్తుకూరు): సబ్సిడీ ఎంత? బ్యాటరీకీ ఇస్తారా?

జవాబు: 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ కింద మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడో కిలోవాటుకు 18,000, మొత్తం 78,000. 5 కిలోవాట్లు పెట్టినా అంతే. బ్యాటరీకి లేదు. లైనుకు కలపని సిస్టానికీ లేదు. ప్లేట్లలోని సెల్స్ కూడా ఇక్కడ తయారైనవే, అంటే డీసీఆర్ రకం అయ్యుండాలి. బిల్లులో ఆ మాట రాయించుకోండి. కరెంటు సంస్థ నెల్లూరు వాళ్లకు ఏపీఎస్పీడీసీఎల్, ప్రకాశం వాళ్లకు ఏపీసీపీడీసీఎల్.

ప్రశ్న (అల్లూరు): తుఫాను హెచ్చరిక రాగానే ప్లేట్లు విప్పి దాచుకోమంటున్నారు. నిజమేనా?

జవాబు: వద్దు. ఒక్కో ప్లేటు 28 కిలోలు, గాలి మొదలయ్యాక మేడ మీద అది తెరచాపే. ఆరు ప్లేట్లు వరసగా కలిపితే ఎండలో 300 వోల్టుల డీసీ ఉంటుంది, కనెక్టరు లాగితే నిప్పు లేస్తుంది. చేయాల్సింది సెప్టెంబరు చివర్లో: ప్రతి క్లాంపూ స్పానరుతో పట్టి చూడడం, తుప్పు పట్టిన బోల్టు మార్చడం, ఎర్తింగు కొలిపించడం. ఇసుక నేలల్లో పైపొర ఎండి ఉంటుంది కాబట్టి రాడ్డు కింది తడి దాకా దిగాలి. అక్కడి ఉప్పునీటికి జీఐ నిలవదు, రాగి పూత రాడ్డు వేయాలి. స్టాండుకు, ఇన్వర్టర్‌కు, పిడుగుల లైట్నింగ్ అరెస్టర్‌కు మూడు వేర్వేరు గుంతలు.

2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటిన మిచౌంగ్ లాంటిది వస్తున్నప్పుడు, ముందురోజే బ్యాటరీ నూరు శాతం నింపి, మోటారు వేసి ట్యాంకు నింపుకోండి. మేడ మీది పూలకుండీలు, రేకు ముక్కలు కిందికి దించండి. ప్లేట్లు ఎక్కువగా పగిలేది వాటి దెబ్బకే. గాలి పెరిగితే డీసీ ఐసోలేటర్ (ప్లేట్ల నుంచి వచ్చే కరెంటును ఆపే స్విచ్చి) ఆఫ్ చేసేయండి, ఇల్లు బ్యాటరీ మీద నడుస్తుంది. గాలివాన ఆగాక వెంటనే ఆన్ చేయకండి. అద్దం పగిలిన ప్లేటు వెలుతురున్నంతసేపూ కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది కాబట్టి తడి చేతులతో ముట్టుకోకండి. వేలాడే వైర్లు, నీళ్లు చేరిన జంక్షన్ బాక్సులు లేవని ఎలక్ట్రీషియన్ చూశాకే ఐసోలేటర్ తిప్పండి.