లోరెట్ టేలర్ జీవితచరిత్ర రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

లోరెట్ టేలర్ మీద నువ్వు పంపిన రాతప్రతి అందింది, ఆసాంతం చదివాను. తెలుగు పాఠకులకు పెద్దగా పరిచయం లేని ఒక అమెరికన్ రంగస్థల నటిని ఎంచుకుని, ఆమె కోసం ఇంత చదివి, ఇంత శ్రద్ధగా రాసినందుకు ముందుగా నిన్ను మనసారా అభినందిస్తున్నాను. నువ్వు కోరింది మెచ్చుకోలు కాదు, దిద్దుబాటు. కాబట్టి నాకు తోచినవన్నీ దాపరికం లేకుండా రాస్తున్నాను.

నీ ప్రతిలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది కొలత. రెండో భర్త హార్ట్‌లీ మానర్స్ 1928 డిసెంబరులో చనిపోయిన తరువాత ఆమె మద్యానికి లోనై రంగస్థలానికి దాదాపు దూరమైన పదేళ్ళ కాలానికి నువ్వు దగ్గర దగ్గర సగం పుటలు ఇచ్చావు. 1912 డిసెంబరు 20న న్యూయార్కులో, అప్పుడే కట్టిన కోర్ట్ థియేటర్‌లో మొదలై, 600కు పైగా ప్రదర్శనలు నడిచి, 1914లో లండన్ దాకా వెళ్ళిన ‘పెగ్ ఓ మై హార్ట్’ నాటకానికి మాత్రం రెండు వాక్యాలతో సరిపెట్టావు. ఒకే పాత్రను, ఇంగ్లండు బంధువుల ఇంటికి వచ్చిపడిన ఆ ఐరిష్ పిల్లను, అన్ని వందల సాయంత్రాలు కొత్త ప్రేక్షకుల ముందు కొత్తగా నిలబెట్టడం ఎంత పనో ఆలోచించు. తాగుడు గురించి రాయవద్దని నేను అనడం లేదు. అది దాచిపెడితే 1938లో ‘అవుట్‌వర్డ్ బౌండ్’ పునఃప్రదర్శనలో మిసెస్ మిడ్జెట్‌గా ఆమె తిరిగి రావడం ఎంత పెద్ద సంగతో పాఠకుడికి అర్థం కాదు. అయితే వందలాది మంది తాగారు, వాళ్ళెవరి గురించీ మనం పుస్తకం రాయడం లేదు. ఈమె గురించి రాస్తున్నది ఈమె నటించింది కనుక.

మొదటి అధ్యాయానికి ‘అమెరికా సావిత్రి’ అని పేరు పెట్టావు. దయచేసి తీసెయ్యి. తెలుగువాడికి సులువుగా అందుతుందని పెట్టావని తెలుసు, కానీ ఆ పేరు ఇద్దరికీ అన్యాయమే చేస్తుంది. ఇద్దరి జీవితాల్లోనూ కష్టం ఉందన్న ఒక్క పోలిక పట్టుకుని, ఇద్దరి కళల మధ్య ఉన్న అసలు తేడాను అది మింగేస్తుంది. సావిత్రి గారి నటన ‘మాయాబజార్’లో ఈ రాత్రికి కూడా ఎవరైనా చూడవచ్చు. లోరెట్ టేలర్ పేరు ఈనాటికీ ఏ పాత్ర వల్ల నిలిచిందో ఆ అమాండా వింగ్‌ఫీల్డ్‌ను, ‘ది గ్లాస్ మెనాజరీ’ నాటకంలోని ఆ తల్లిని, ఆమె నటించగా ఇక ఎవరూ చూడలేరు, ఎందుకంటే ఆ ప్రదర్శనను ఎవరూ చిత్రీకరించలేదు. మన వైపు నుంచి పోలిక తప్పనిసరి అనుకుంటే బళ్ళారి రాఘవ గారు కొంత దగ్గర. లోరెట్ లాగే ఆయనా 1946లోనే కన్నుమూశారు, ‘రైతుబిడ్డ’ వంటి సినిమాల్లో కనిపించారు, కానీ రంగస్థలం మీది రాఘవను తెలుసుకోవాలంటే మనం ఈనాటికీ చూసినవాళ్ళ మాటల మీదే ఆధారపడాలి. ఈ పోలిక కూడా ఒక్క వాక్యానికి మించి సాగదియ్యకు.

ఇక్కడే నీ పుస్తకానికి అసలు కష్టం ఉంది. ఆమె నటనను నువ్వు చూడలేదు, నేను చూడలేదు, చదివేవాళ్ళూ చూడలేరు. అలాంటప్పుడు ‘పాత్రలో జీవించింది’, ‘పరకాయ ప్రవేశం చేసింది’, ‘ప్రేక్షకులను మంత్రముగ్ధులను చేసింది’ అని రాస్తే ఏమీ రాయనట్టే. ఈ మాటలు మన నాటక సమీక్షల్లో ఎంతమంది మీద వాడామో లెక్క లేదు. అందరికీ సరిపోయే మాట ఏ ఒక్కరినీ చూపించదు. నీ ప్రతిలో ఇలాంటి మాట కనిపించిన ప్రతిచోటా పక్కన గీత పెట్టాను. ఆ గీత ఉన్నచోటల్లా ఆమె ఏం చేసిందో, అది ఎవరు చూశారో, ఎప్పుడు చెప్పారో రాయి. అవి దొరకకపోతే వాక్యమే కొట్టెయ్యి.

దొరకవని మాత్రం అనుకోకు. మార్టిన్ లాండౌ చెప్పినది చూడు: ఆ స్త్రీ ఎలాగో వెనక తలుపు గుండా థియేటర్‌లోకి వచ్చేసి, అక్కడి వంటింట్లో అటూ ఇటూ తిరుగుతున్నట్టుగా ఉండేదని ఆయన అన్నాడు. ఎవరో దారిన పోయే మనిషిని పట్టుకొచ్చి నిలబెట్టారేమో అనుకున్నానని చార్లెస్ డర్నింగ్ అన్నాడు. వీళ్ళిద్దరూ నటులు, నటనలో అతుకు ఎక్కడ ఉంటుందో ఎరిగినవాళ్ళు, అయినా ఆమెలో అతుకు కనిపించలేదని చెబుతున్నారు. ఇవి నువ్వు వాడిన విశేషణాలన్నిటి కంటే బరువైనవి. అయితే ఈ మాటలు వాళ్ళు చెప్పింది అర్ధశతాబ్దం దాటిన తరువాత, 2004లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో. ‘ది గ్లాస్ మెనాజరీ’ న్యూయార్కుకు వచ్చిన కొద్ది రోజులకే విమర్శకుడు స్టార్క్ యంగ్ రాసిన సమీక్షను వీటి పక్కన పెట్టి చదువు. యవ్వనంలో చూసి వృద్ధాప్యంలో తలుచుకున్న మాటకు ఒక విలువ, నిన్న చూసి ఇవాళ రాసిన మాటకు ఇంకొక విలువ. నువ్వు రెంటినీ ఒకే గాట కట్టి, ఎవరు ఎప్పుడు అన్నారో చెప్పకుండా వరసగా పేర్చావు. ఏ మాట ఏ కాలానిదో పాఠకుడికి తెలియాలి.

కూతురు మార్గరీట్ కోర్ట్నీ 1955లో ప్రచురించిన జీవితచరిత్ర నీకు ప్రధాన ఆధారం, అది సహజమే. అంత దగ్గరగా ఆమెను చూసినవాళ్ళు వేరే లేరు. కానీ కూతురు కూతురుగానే చూస్తుంది: ఇంట్లో పడిన బాధ ఆమెకు ప్రత్యక్షంగా తెలుసు, కోపమూ ప్రేమా రెండూ ఆ పుస్తకంలో ఉన్నాయి. తల్లి చిన్నతనం గురించి ఆమె రాసినది మాత్రం ఆమె కూడా వినగా తెలిసినదే. ఇంటి సంగతులకు ఆ పుస్తకాన్ని నమ్ము, తేదీలకు మాత్రం పాత పత్రికలు కూడా చూడు. పుట్టిన సంవత్సరమే 1883 అని కొన్నిచోట్ల, 1884 అని కొన్నిచోట్ల ఉంటుంది. నువ్వు ఒక అధ్యాయంలో ఒకటి, మరో అధ్యాయంలో ఇంకొకటి రాశావు.

మొదటి భర్త చార్లెస్ టేలర్ కాలాన్ని ‘చౌకబారు మెలోడ్రామాల్లో వృథా అయిన యౌవనం’ అని ఒక్క మాటతో దాటేశావు. ఆ తీర్పుతో నేను ఏకీభవించను. తనకంటే చాలా పెద్దవాడైన ఆ మెలోడ్రామాల రచయితను 1901లో పెళ్ళాడి, ఇద్దరు పిల్లల్ని కని, సియాటిల్ వంటి దూరపు ఊళ్ళ దాకా తిరుగుతూ, ఎలాంటి పాత్ర చేతికిస్తే అది వెయ్యడం ఆమె నేర్చుకున్నది అప్పుడే. తరువాత 1910లో ‘ఏలియాస్ జిమ్మీ వాలెంటైన్’లో, 1912 మొదట్లో ‘ది బర్డ్ ఆఫ్ పారడైజ్’లో హవాయి రాకుమార్తెగా, అదే ఏడాది చివర్లో పెగ్‌గా ఆమె కనిపించినప్పుడు న్యూయార్కు ప్రేక్షకులకు కొత్త నటిలా అనిపించి ఉండవచ్చు, కానీ చేతిలో పని చాలా ఏళ్ళ నాటిది. 1914లో ఒక పత్రికలో రాసిన వ్యాసంలో నటికి అందం కంటే, ఆకర్షణ కంటే ఊహాశక్తి ముఖ్యమని ఆమె వాదించింది. ఆ వ్యాసాన్ని నువ్వు ప్రస్తావించనే లేదు. ఒక నటి తన కళ గురించి తానే చెప్పిన మాట దొరికాక దాన్ని వదిలేసి ఆమె వివాహాల గురించి అంతసేపు చెప్పడం నాకు బాధ కలిగించింది.

మూకీ ‘పెగ్’ను, 1922లో కింగ్ విడార్ తీసినదాన్ని, తప్పకుండా చూడు, కానీ జాగ్రత్తగా చూడు. అందులో గొంతు లేదు. ఆమె గొంతూ ముఖమూ కలిసి వినిపించే, కనిపించే కొద్దిపాటి ఆధారం 1938లో సెల్జ్‌నిక్ సంస్థ ‘ది యంగ్ ఇన్ హార్ట్’ సినిమా కోసం తీసిన స్క్రీన్ టెస్ట్. ఆ వేషం చివరికి మినీ డుప్రీ అనే నటికి వెళ్ళింది. నేను చెప్పిన డాక్యుమెంటరీలో ఆ టెస్ట్ ముక్క ఉంది. దాన్ని ఆపి ఆపి చూసి, ఆమె ఎదుటివారి మాట వింటున్నప్పుడు ముఖం ఏం చేస్తోందో ఒక పేరా రాయి. నీ పుస్తకం మొత్తంలో నువ్వు స్వయంగా చూసి రాయగలిగిన పేరాల్లో అదొకటి అవుతుంది.

ఇక షికాగో. నీ పుస్తకానికి గుండెకాయ అదే, కానీ నువ్వు అక్కడ తొందరపడ్డావు. అమెరికాలో కొత్త నాటకాన్ని న్యూయార్కుకు తీసుకురాకముందు వేరే నగరంలో ఆడి, లోపాలు దిద్దుకునే పద్ధతి ఉంది. తెలుగు పాఠకుడికి ఆ సంగతి ముందే చెప్పకపోతే ‘ది గ్లాస్ మెనాజరీ’ 1944 డిసెంబరు 26న షికాగో సివిక్ థియేటర్‌లో ఎందుకు మొదలైందో తెలియదు. తరువాత రిహార్సళ్ళ దగ్గర ఆగు. అరవై ఏళ్ళు దాటిన నటి, నమ్మదగదని పేరు పడిన నటి, రిహార్సళ్ళలో మాటలు పైకి వినపడకుండా గొణుగుతోంది. రచయిత టెనెసీ విలియమ్స్‌కు, తనే నిర్మిస్తూ, మార్గో జోన్స్‌తో కలిసి దర్శకత్వం వహిస్తూ, అమాండా కొడుకు టామ్ వేషం కూడా వేస్తున్న ఎడ్డీ డౌలింగ్‌కు ఆమె వరస చూసి గుండెలు జారిపోతున్నాయి. నువ్వు దీన్ని మద్యం ఖాతాలో వేశావు. నటి ఉటా హేగన్ తన నటనా గ్రంథంలో లోరెట్ గురించి చెప్పినది కలిపి చదివితే వేరే అర్థం వస్తుంది. పాత్ర గతమంతా ఊహించుకుంటూ, ఆ మనిషి లోదుస్తులు కూడా తాను తొడుక్కున్నానని నమ్మేదాకా ఆమె ఆగేది కాదట. అలాంటి నటి లోపల ఇంకా సిద్ధం కానిదాన్ని పైకి పలకదు. ఆ గొణుగుడు పని జరుగుతున్న చప్పుడని నా అభిప్రాయం; నీకు వేరే అభిప్రాయం ఉంటే కారణం చూపించు, కానీ ఊరికే దాటిపోకు.

మొదటి ప్రదర్శనకు తెర లేవడానికి కొద్దిసేపటి ముందు, థియేటర్ కింది భాగంలో తొట్టి దగ్గర నిలబడి, రెండో అంకంలో వేసుకోవలసిన బట్టకు తానే రంగు వేసుకుంటూ ఆమె కనిపించిందని చెబుతారు. నువ్వు దీన్ని విచిత్రమైన అలవాటుగా రాశావు. అమాండా పాతబడిన ఆడంబరంతో, చేతిలో డబ్బు లేకుండా బతికే మనిషి; అలాంటి ఇల్లాలి బట్ట ఎలా ఉండాలో నటికి ఒక పట్టింపు ఉందని దానిలో నాకు కనిపిస్తోంది. ఆ తడి చేతులను పాఠకుడికి చూపించు. ఆ చలికాలంలో మొదట టికెట్లు సరిగా అమ్ముడుపోలేదనీ, క్లాడియా కాసిడీ, ఆష్టన్ స్టీవెన్స్ అనే ఇద్దరు విమర్శకులు మళ్ళీ మళ్ళీ వెళ్ళి, మళ్ళీ మళ్ళీ రాసి జనాన్ని రప్పించారనీ నువ్వు బాగానే చెప్పావు, అది మార్చకు.

నాటక రచయిత తల్లి ఎడ్వినా విలియమ్స్ సంగతి ఎందుకు వదిలావో నాకు అర్థం కాలేదు. అమాండాకు ఆమే మూలం. నాటకం చూశాక ఆమె తెరవెనక్కి వస్తే, మిమ్మల్ని మీరు చూసుకోవడం ఎలా ఉందమ్మా అని లోరెట్ అడిగిందని తల్లీ కొడుకులిద్దరూ తరువాతి కాలంలో చెప్పుకున్నారు. బతికున్న మనిషిని, ఆ మనిషి చూస్తుండగా నటించడం చిన్న విషయం కాదు. జీవితచరిత్ర రాసేవాడిగా నీకు కూడా ఆ ప్రశ్న వర్తిస్తుంది, ఎందుకంటే నువ్వు రాస్తున్నదీ ఒకప్పుడు బతికిన మనిషి గురించే.

న్యూయార్కు మొదటి రాత్రి, 1945 మార్చి 31, ప్లేహౌస్ థియేటర్. ఆమెకు ఒంట్లో బాగాలేదు. వేదిక పక్కన వింగ్‌లో బకెట్ పెట్టుకుని, లోపలికి వచ్చినప్పుడల్లా వాంతి చేసుకుని, మళ్ళీ వేదిక మీదికి వెళ్ళి నటించింది. ఇది నువ్వు బకెట్ దగ్గరే ఆపేశావు. తెరవెనక ఏం జరిగిందో చెప్పాక వేదిక మీద ఏం జరిగిందో కూడా అంతే శ్రద్ధగా చెప్పాలి. లేకపోతే ఆమె నటన కంటే ఆమె బాధే గొప్పదని పాఠకుడు అనుకుంటాడు. ఆ నాటకం మొత్తం 563 ప్రదర్శనలు నడిచింది. 1946 ఆగస్టులో ముగిసింది, డిసెంబరు 7న ఆమె చనిపోయింది. ఈ రెండు సంగతుల మధ్య నువ్వు రాసిన ‘చివరి తెర జారింది’ వంటి వాక్యాలన్నీ తీసేసి, తేదీలు మాత్రం ఉంచు.

ముందుగా షికాగో అధ్యాయం తిరగరాసి పంపు. దానితో పాటు స్క్రీన్ టెస్ట్ మీద నేను అడిగిన పేరా కూడా. అవి చూశాక, మొదటి అధ్యాయం ఎక్కడ మొదలుపెట్టాలో కూర్చుని మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి