టెక్ సందేహాలు: గేర్‌బాక్స్ వేడిని ఫోనులో చూడవచ్చా?

ప్రశ్న: మేం అమెరికాలోని డెన్వర్‌లో ఉంటాం. మాకు పాత టొయోటా ఫోర్‌రన్నర్ ఉంది. వేసవిలో చిన్న క్యాంపింగ్ ట్రైలర్ తగిలించుకుని ఐ-70 హైవే మీద కొండలు ఎక్కుతాం. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు కదలదు. కానీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్ లోపల కాలిపోతుందని స్నేహితులు హెచ్చరిస్తున్నారు. ఆ వేడిని ఫోనులో చూడవచ్చా? ఎంత దాటితే ప్రమాదం? తగ్గించడం ఎలా?

జవాబు: చూడవచ్చు, మీరు తప్పక చూడాలి కూడా. ఆ ముల్లు చూపించేది ఇంజిన్ కూలెంట్ వేడిని. పైగా చాలా కార్లలో కూలెంట్ వేడి కాస్త పెరిగినా, తగ్గినా ముల్లు నడుమనే నిలిచేలా అమరుస్తారు. గేర్‌బాక్స్‌లో తిరిగే ఆయిల్, అంటే ఏటీఎఫ్, ఎంత కాగుతోందో దాన్ని చూసి చెప్పలేం.

ముందుగా స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ-2 పోర్టుకు, అంటే కారు కంప్యూటర్ సమాచారం చదివే సాకెట్‌కు, తగిలించే బ్లూటూత్ అడాప్టర్ కొనండి. అమెరికాలో 1996 మోడల్ నుంచి అన్ని కార్లకూ ఈ పోర్టు తప్పనిసరి. మరీ చవక అడాప్టర్ల జోలికి పోవద్దు. ఈ అడాప్టర్ల లోపల ఉండే చిప్ పేరు ఈఎల్ఎం327. ‘ఈఎల్ఎం327 వెర్షన్ 1.5’ అని రాసి ఉంటే అది నకలు చిప్పే. ఆ చిప్‌ను రూపొందించిన కెనడా సంస్థ ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ 1.5 అనే వెర్షన్‌ను అసలు విడుదల చేయనేలేదు. ఇలాంటివి ఇంజిన్ స్పీడు, కూలెంట్ వేడి బాగానే చూపిస్తాయి, గేర్‌బాక్స్ వివరాలు అడిగితే చాలాసార్లు చేతులెత్తేస్తాయి. మీది ఐఫోన్ అయితే బ్లూటూత్ ఎల్ఈ లేదా వైఫై రకం తీసుకోండి.

యాప్ విషయానికి వస్తే ఆండ్రాయిడ్‌లో టార్క్ ప్రో, రెండు రకాల ఫోన్లలోనూ కార్ స్కానర్ ఉన్నాయి. కొత్తవారికి కార్ స్కానర్ సులువు. కూలెంట్ వేడిని అడిగే కోడ్ అన్ని కంపెనీలకూ ఒకటే. ఏటీఎఫ్ వేడికి మాత్రం సాధారణంగా ఏ కంపెనీ కోడ్ దానిదే. అందుకే యాప్ సెట్టింగుల్లో టొయోటా ప్రొఫైల్ ఎంచుకోకపోతే ఆ మీటరు జాబితాలోనే కనిపించకపోవచ్చు. మీటరు కనిపించి, అంకె మైనస్ 40 దగ్గర నిలిచిపోయిందంటే కారు నుంచి సమాచారం రావడం లేదని అర్థం. అందిన విలువలోంచి 40 తీసివేసి డిగ్రీలు లెక్కగడతారు కాబట్టి, సున్నా అందితే మైనస్ 40 పడుతుంది. సెల్సియస్‌లోనూ ఫారెన్‌హీట్‌లోనూ మైనస్ 40 ఒకటే కనుక యూనిట్లు మార్చినా అదే అంకె ఉంటుంది.

టొయోటాల్లో తరచూ రెండు ఏటీఎఫ్ మీటర్లు కనిపిస్తాయి. ఒకటి అడుగున ఉండే ఆయిల్ పాన్‌లోది, రెండోది ఇంజిన్‌ను గేర్‌బాక్స్‌తో కలిపే టార్క్ కన్వర్టర్ నుంచి బయటకు వచ్చే ఆయిల్‌ది. రెండోది ఎత్తు ఎక్కేటప్పుడు ఒక్కసారిగా ఎగబాకి మళ్లీ దిగుతుంది. దాన్ని చూసి కంగారు పడవద్దు. పాన్ వేడి నెమ్మదిగా మారుతుంది, నిర్ణయాలు దాన్ని బట్టి తీసుకోండి. 80 నుంచి 95 డిగ్రీల సెల్సియస్ వరకు ఆరోగ్యకరం. 105 దాటితే వేగం తగ్గించండి. 120 దాటితే వెసులుబాటు చూసుకుని ఆగిపోవడమే మేలు. సుమారు 11 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ ఆయుష్షు సగమవుతుందని మెకానిక్కుల్లో ఒక మోటు లెక్క ఉంది. అచ్చంగా అంతే కాకపోయినా, వేడి ఏటీఎఫ్‌ను ఎంత త్వరగా తినేస్తుందో దాన్ని బట్టి గ్రహించవచ్చు.

వేడి ఎక్కువగా పుట్టేది టార్క్ కన్వర్టర్‌లో. అక్కడ ఇంజిన్ శక్తిని చక్రాల వైపు మోసేది ఆయిలే. ఇంజిన్ వైపు భాగం జోరుగా తిరుగుతూ గేర్‌బాక్స్ వైపు భాగం వెనకబడితే, ఆ తేడా అంతా వేడిగా మారుతుంది. ఆ రెండు భాగాలనూ నేరుగా కలిపే లాకప్ క్లచ్ పట్టుకోగానే రెండూ కలిసి తిరుగుతాయి, తేడా పోతుంది. బరువు లాగుతూ ఎత్తు ఎక్కుతుంటే పై గేరులో లాకప్ పదే పదే విడిపోతుంది. ఐ-70 మీద సుమారు 11,000 అడుగుల ఎత్తున ఉన్న ఐసన్‌హోవర్ సొరంగం వైపు ఎక్కేటప్పుడు జరిగేది ఇదే.

కాబట్టి ఏటీఎఫ్‌ను చల్లబరిచే అదనపు కూలర్ కొనేముందు డ్రైవింగ్ మార్చండి. గేర్ లీవర్‌ను ఎస్‌లోకి తెచ్చి 4కు పరిమితం చేయండి, చాలకపోతే 3. ఇంజిన్ ఎంత జోరుగా తిరుగుతోందో చూపే టాకోమీటర్ చూస్తూ ఉండండి. కారు వేగం మారకుండానే ముల్లు రెండు మూడు వందల ఆర్‌పీఎం కిందికి జారితే లాకప్ పట్టుకున్నట్టు. యాక్సిలరేటర్‌ను అక్కడే నిలిపి ఉంచితే యాప్‌లో ఎగబాకుతున్న ఏటీఎఫ్ అంకె కాసేపట్లో నెమ్మదించడం కళ్లారా చూస్తారు. ఇంజిన్ కాస్త ఎక్కువ శబ్దం చేస్తుంది, చేయనివ్వండి. ఓవర్‌డ్రైవ్‌లో, అంటే అన్నిటికన్నా పై గేరులో, ట్రైలర్ లాగడం వల్ల ఆదా అయ్యే పెట్రోలు కన్నా గేర్‌బాక్స్‌కు జరిగే నష్టం చాలా పెద్దది.

బాగా వేడెక్కి ఆగవలసి వస్తే వెంటనే ఇంజిన్ ఆపవద్దు. ఆపితే పంపు ఆగుతుంది, మరిగిన ఆయిల్ ఎక్కడిది అక్కడే నిలిచిపోతుంది. పార్కింగ్‌లో పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ఇంజిన్‌ను నడవనివ్వండి.

ఇంత చేసినా ప్రతి కొండమీదా 110 దాటుతుంటే అప్పుడు అదనపు కూలర్ పెట్టించండి. రేడియేటర్ ముందు అమర్చే ప్లేట్ల రకం మంచిది. ఆయిల్ మొదట రేడియేటర్‌లోని పాత కూలర్ గుండా, ఆ తర్వాత కొత్తదాని గుండా వెళ్లి గేర్‌బాక్స్‌కు చేరాలి. మీ ఊళ్లో చలికాలం మంచు కురుస్తుంది కనుక థర్మోస్టాట్ ఉన్న అమరికే అడగండి. ఆయిల్ మరీ చల్లబడినా గేర్లు మొరాయిస్తాయి. పాత ఏటీఎఫ్ మార్పించే పనిని వాయిదా వేయవద్దు. ‘జీవితకాలం’ అని కంపెనీ చెప్పినా, ట్రైలర్ లాగే బండికి ఆ మాట వర్తిస్తుందని నేను నమ్మను.

ప్రశ్న: మా ఏఎంటీ కారులో తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కాలిన వాసన వచ్చింది. యాప్‌లో ఏటీఎఫ్ వేడి ఎంత వెతికినా దొరకలేదు. - తిరుపతి నుంచి

జవాబు: దొరకదు, ఎందుకంటే మీ కారులో ఏటీఎఫ్ లేదు. ఏఎంటీలో ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మీ బదులు యంత్రం చేస్తుంది. వాసన క్లచ్ ప్లేటుది. ముందున్న బస్సు ఆగినప్పుడు బ్రేకు వేయకుండా యాక్సిలరేటర్‌తోనే కారును ఎత్తు మీద నిలబెడితే క్లచ్ సగం పట్టి అరుగుతూ ఉంటుంది. ఆగితే బ్రేకుతోనే ఆగండి, లేదా హ్యాండ్‌బ్రేక్ వేయండి. ముందు కొంత ఖాళీ ఏర్పడ్డాక ఒక్కసారే కదలండి. మాన్యువల్ మోడ్‌లో మొదటి లేదా రెండో గేరు పట్టుకుని ఎక్కండి. వాసన మామూలు రోడ్డు మీద కూడా వస్తుంటే క్లచ్ చూపించండి.

ప్రశ్న: ఓబీడీ అడాప్టర్‌ను ఎప్పుడూ కారులోనే ఉంచేయవచ్చా? - హైదరాబాద్ నుంచి

జవాబు: వద్దు. ఆ పోర్టుకు తాళంచెవి తీసేసినా బ్యాటరీ నుంచి కరెంటు అందుతూనే ఉంటుంది. వారాల తరబడి కారు కదలకపోతే బ్యాటరీ దిగిపోవచ్చు. పైగా చాలా చవక అడాప్టర్లకు పాస్‌వర్డ్ 1234 లేదా 0000. పక్కన పార్కింగ్ చేసినవారు సైతం దానికి కనెక్ట్ కాగలరు. ప్రయాణం ముగిశాక తీసి గ్లవ్‌బాక్స్‌లో పెట్టండి.