అణు భద్రత ఉద్యోగమంటే తుపాకీ ఒక్కటే కాదండి

భీమవరం దగ్గర రొయ్యల చెరువులు చేసే ఒకాయన అడిగారు, వాళ్ళబ్బాయి బీటెక్ ఈసీఈ థర్డ్ ఇయరంట, సాఫ్ట్‌వేర్ వద్దు, టెర్రరిస్టుల చేతికి అణు పదార్థాలు పోకుండా ఆపే పనిలోకే వెళ్తానని పట్టుబట్టి కూర్చున్నాడంట, అసలు అలాంటి ఉద్యోగం ఉందా, ఉంటే ప్రాణాల మీదకి వస్తుందా అని ఈయన బెంగ.

ఉందండి. మీ చెరువు సంగతే చూడండి, మకాం దగ్గర మనిషిని పెడతారు, లైట్లేస్తారు, అయినా సరుకు పోయిందంటే ముందు అనుమానం ఎవరి మీదకి పోద్ది? రొయ్యలు పట్టేది ఎప్పుడో తెలిసిన లోపలోడి మీదకే కదా. అణు భద్రతలో కూడా పెద్ద తలనొప్పి ఆ లోపలి మనిషే. 1995లో, మన పాశర్లపూడి గ్యాస్ బావి మండిన ఏడాదే, ఓక్లహోమా సిటీలో ట్రక్కు బాంబుతో 168 మందిని చంపింది బయటి దేశమోడు కాదు, అమెరికా సొంత ఆర్మీలో చేసి వచ్చినోడు.

ఇంకోటి, అణుబాంబుకి కావాల్సిన సరుకు గట్టి కాపలాలో ఉంటది, దొంగలకి అంత తేలిగ్గా దొరకదు. ఆసుపత్రుల్లో, పైప్‌లైన్ పనుల్లో వాడే చిన్న సోర్సులు, అంటే రేడియేషన్ వదిలే పదార్థాలు, మాత్రం ఊళ్ళమీద తిరుగుతుంటాయి. తాటిపాక వైపు గ్యాస్ పైపుల వెల్డింగ్ టెస్ట్ చేస్తుంటే ఓసారి దూరం నుంచి చూశాను, చుట్టూ తాడు కట్టారు, ఇరవై కిలోల పెట్టెలో ఉండేది పెన్సిల్ ములుకంత ఇరిడియం 192 అనే సోర్సు, దాన్ని బయటికి తీసి వెల్డింగ్‌కి ఎక్స్‌రే లాంటి ఫోటో తీసిన ప్రతిసారీ ఒకబ్బాయి రేడియేషన్ మీటర్ పట్టుకుని దగ్గరకెళ్ళి సోర్సు లోపలికి వచ్చేసిందా లేదా చూసి పుస్తకంలో రాస్తున్నాడు. ఆ రాతే భద్రతండి. 2010లో ఢిల్లీ మాయాపురిలో, ల్యాబ్‌లో ఏళ్ళ తరబడి మూలన పడున్న కోబాల్ట్ 60 సోర్సున్న మెషిన్ పాత ఇనుం కొట్టుకి వెళ్ళిపోయి ఒక మనిషి ప్రాణం తీసింది, అందులో టెర్రరిస్టు ఎవడూ లేడు, లెక్క తప్పింది అంతే.

ఇక దారి. ఇంజినీర్లు రాసే గేట్ పరీక్ష రాయించండి, మంచి స్కోరొస్తే బార్క్, అంటే భాభా అణు పరిశోధన కేంద్రం, వాళ్ళ ఓసీఈఎస్ అనే ఆఫీసర్ల ట్రైనింగ్‌కి ఇంటర్వ్యూ వస్తది, జనరల్‌కి 26 ఏళ్ళ లోపు, మార్కులు 60 శాతం ఉండాలి. సోర్సులకి లైసెన్సులిచ్చేది ఏఈఆర్‌బీ, అంటే అణుశక్తి నియంత్రణ బోర్డు, అది 1983లో పెట్టారు. యూనిఫామే కావాలంటే అణు కేంద్రాల కాపలా సీఐఎస్ఎఫ్ అనే కేంద్ర బలగానిది, ఆఫీసర్‌గా వెళ్ళాలంటే యూపీఎస్సీ వాళ్ళు కేంద్ర బలగాలకి పెట్టే సీఏపీఎఫ్ పరీక్ష. ఉగ్రవాద కేసుల దర్యాప్తు ఇష్టమైతే జాతీయ దర్యాప్తు సంస్థ ఎన్ఐఏలో ఎస్ఐ పోస్టులు ఎస్ఎస్‌సీ వాళ్ళు డిగ్రీ చదివినోళ్ళకి పెట్టే సీజీఎల్ పరీక్షలో ఉంటాయి. నన్నడిగితే మీవాడికి మొదటిదే, ఆ బార్క్ దారే నప్పుద్ది.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. ఒక మతం మీద, ఒక కులం మీద విషం కక్కే వీడియోలు షేర్ చేసేవాడు ఈ పనికి పనికిరాడు, పోలీస్ వెరిఫికేషన్ సంగతి అటుంచండి, పేరు చూసి అనుమానించడం మొదలెట్టినోడికి పక్క సీట్లోనే దారి తప్పుతున్న ఆ లోపలి మనిషి కనపడడు.

ఈ ఆదివారం సెమిస్టర్ మెమోలన్నీ పట్టుకుని అబ్బాయిని తీసుకురండి, ఆ 60 శాతం ఉందో లేదో ముందు చూద్దాం.