ఆ బంగారం ఎవరు తూచారు? – ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

ఆశీస్సులు. బ్రెజిల్‌లోని పాత బంగారు గనుల ఊరు ఔరో ప్రెటో మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. పిలార్ మాత చర్చిలో 400 కిలోల బంగారం ఉందని రెండో పేరాలోనే రాశావు. ఎవరు తూచారు?

ఎత్తిపొడవడానికి అడగడం లేదు. ఆ అంకె అక్కడి గైడ్లందరి నోటా ఉంది, నీకూ అక్కడే దొరికి ఉంటుంది. కాగితం తీసుకుని నాతోపాటు లెక్క వెయ్యి. చెక్క మీద అతికించే బంగారు రేకు మందం, ఈ రోజుల్లో అయితే, మిల్లీమీటరులో పదివేలో వంతు. అంత పల్చగా సాగగొడితే ఒక్క గ్రాము బంగారం అర చదరపు మీటరు మేర పరుచుకుంటుంది. 400 కిలోలంటే 2 లక్షల చదరపు మీటర్లు, దాదాపు 50 ఎకరాలు. ఆ కాలంలో రేకు ఐదింతలు మందంగా ఉండేదనుకుందాం. అయినా 10 ఎకరాలు. చర్చి లోపలి పీఠాలు, స్తంభాలు, దేవదూతల రెక్కల మడతలతో సహా విప్పి నేల మీద పరిచినా 10 ఎకరాలు నిండుతాయా? నువ్వు లోపల నిలబడి చూసినదానివి, నువ్వే చెప్పు. అంకెను కొట్టెయ్యమనను. "అని చెప్పుకుంటారు" అని రాసి, పక్కనే ఈ లెక్క పెట్టు. ఊరు తన గొప్ప తాను ఎలా చెప్పుకుంటుందో పాఠకుడికి అప్పుడు తెలుస్తుంది.

ఈ ఒక్క అంకె గురించే అయితే ఇంత ఉత్తరం రాసేవాణ్ణి కాదు. వ్యాసం పొడుగునా నువ్వు ప్రతి చర్చి ముందూ ఆగి మురిసిపోయావు. డబ్బు ఎక్కడిది, పని ఎవరిది అని ఒక్క చోటైనా అడగలేదు. వంపులూ, బంగారు పూతలూ, విగ్రహాలూ నిండిన ఆ బరోక్ శైలి కట్టడం దగ్గర ఆ ప్రశ్న వేయకపోతే మిగిలేది విశేషణాలే. నీ మొదటి రెండు పేజీల్లో "కళ్ళు చెదిరే", "అద్భుతమైన", "స్వర్గాన్ని తలపించే" ఎన్నిసార్లు వచ్చాయో నువ్వే గీతలు గీసి చూసుకో.

చరిత్ర భాగాన్ని బాగా కుదించు. 1690లలో సావో పావ్లో వైపు నుంచి బంగారాన్నీ, బానిసలుగా పట్టుకోవడానికి మనుషులనీ వెతుక్కుంటూ వచ్చిన దండులు ఇటాకొలోమి శిఖరాన్ని గురుతుగా పెట్టుకుని ఇక్కడి వాగుల్లో నల్లటి పొర కమ్మిన బంగారు గింజలు ఏరాయి. 1711లో ఆ ఊరు విలా రికా పేరుతో పట్టణమైంది, 1720లో మినాస్ జెరాయిస్ రాష్ట్రానికి రాజధాని అయింది. ఇంతవరకు రెండు వాక్యాలు చాలు. నువ్వు పేజీన్నర రాశావు. ఆ చోటంతా పన్నుకు ఇవ్వు, కథ అక్కడుంది. తవ్విన దాంట్లో ఐదో వంతు పోర్చుగల్ రాజుది. బంగారు పొడి రూపంలో ఊరు దాటించడం నేరం. ప్రభుత్వ కొలిమికి తీసుకుపోవాలి, కరిగించి కడ్డీ పోసి, రాజు వంతు కోసుకుని, మిగతా దాని మీద ముద్ర వేసిస్తారు. ఈ కొలిములు వద్దంటూ 1720లోనే జనం తిరగబడితే ఫిలిపె దోస్ సాంతోస్‌ను చంపేశారు. 1750 తర్వాత ఇంకో మెలిక వచ్చింది: ఏడాదికి 100 అరోబాలు, అంటే సుమారు 1,500 కిలోలు, రాజుకు ముట్టి తీరాలి. తగ్గితే ఆ తరుగు జనం నుంచి పిండి వసూలు చేస్తారు. వాగులు ఒట్టిపోతున్న కాలంలో పెట్టిన నిబంధన ఇది.

ఇప్పుడు తారీఖులు పక్కపక్కన పెట్టి చూడు. నువ్వు అందరికన్నా ఎక్కువ మెచ్చుకున్న అస్సీసీ సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి పని మొదలైంది 1766లో. గనుల మంచి రోజులు అప్పటికే దాటిపోయాయి. అదే మినాస్‌లోని కాంగోన్యాస్ ఊరి కొండ మీద రాతి ప్రవక్తలు పన్నెండుగురూ వెలిసింది 1800, 1805 మధ్య. "బంగారం పొంగిపొర్లిన కాలంలో పుట్టిన కళ" అన్న నీ వాక్యం నిలవదు. బంగారం తగ్గుతూ వచ్చిన కాలంలోనే అక్కడి శిల్పుల చేతులు బాగా తిరిగాయి. ఎందుకని? నా ఊహ చెబుతాను. మూడు తరాలు పని నేర్చుకుంటే గాని అలాంటి శిల్పి తయారు కాడు, ఆ లోగా గని అడుగంటింది. దీన్ని నా మాటగా తీసుకో, చరిత్రగా రాయకు.

"చర్చి అధికారులు కట్టించారు" అని కూడా రాశావు. ఇది తప్పు, ఇది సరిదిద్దితే నీ వ్యాసానికి వెన్నెముక దొరుకుతుంది. బంగారం దొంగ రవాణాలో సన్యాసుల చేయి ఉందన్న అనుమానంతో మత సంఘాలు మినాస్‌లో మఠాలు పెట్టకుండా రాజు నిషేధించాడు. కాబట్టి కట్టించిన వాళ్ళు మామూలు జనమే, సోదర సంఘాలుగా కూడి, చందాలు వేసుకుని. ఆ సంఘాలు ఒంటి రంగును బట్టి విడివిడిగా ఉండేవి. తెల్లవాళ్ళలో డబ్బున్నవాళ్ళవి ఫ్రాన్సిస్కన్, కార్మెలైట్ సంఘాలు. మిశ్రమ సంతతి వాళ్ళది సెయింట్ జోసెఫ్ సంఘం. బానిసలు, విడుదలైన నల్లవాళ్ళు కలిసి రొజారియో మాత సంఘం పెట్టుకున్నారు. వాళ్ళు గోపురం ఎత్తితే వీళ్ళు ఊరుకుంటారా? పోటీ పడి కట్టారు, పోటీ పడి పద్దులూ రాశారు. శిల్పికి ఎంత ఇచ్చారు, రాయి మోసినందుకు ఎంత, రంగులకు ఎంత, అన్నీ ఆ చిట్టాల్లో ఉన్నాయి. ఏ విగ్రహం ఎవరు చెక్కారో ఈనాడు మనం చెప్పగలుగుతున్నామంటే చాలామటుకు ఆ సంఘాల పద్దులు, శిల్పి సంతకం పెట్టిన రసీదులు ఉండబట్టే.

పవిత్ర ప్రసాదాన్ని, అంటే క్రీస్తు శరీరంగా కొలిచే రొట్టెను, కొత్త పిలార్ చర్చికి చేర్చిన 1733 మే ఊరేగింపును నువ్వు బాగానే పట్టుకున్నావు, గుర్రాలు, పట్టుబట్టలు, వాద్యాలు అన్నీ వచ్చాయి. అసలు సంగతి జారిపోయింది. కొత్త పిలార్ చర్చి కడుతున్నంత కాలం తెల్లవాళ్ళ పవిత్ర ప్రసాదం ఎక్కడుంది? నల్లవాళ్ళ రొజారియో గుడిలో. ఊరేగింపు బయలుదేరింది అక్కడి నుంచే. మరుసటి ఏడాది లిస్బన్‌లో ఆ వేడుక మీద ఒక పుస్తకం అచ్చయితే, దాన్ని మాతకు అంకితమిచ్చింది కూడా ఆ నల్లవాళ్ళ సంఘమే. ఈ రెండు ముక్కలు చేర్చి చూడు, నీ ఊరేగింపు వర్ణన ఎలా మారిపోతుందో.

ఇక వర్ణన సంగతి. సెయింట్ ఫ్రాన్సిస్ చర్చిని ఒకే చూపులో చూసినట్టు రాశావు. బరోక్ ఒక్క చూపుకు అందేది కాదు, అది మనిషిని నడిపిస్తుంది. ముందు దూరం నుంచి చూడు: రెండు గుండ్రటి బురుజులు ముందుకు రాకుండా వెనక్కి ఒదిగి ఉంటాయి, మధ్య గోడ మనవైపు ఉబికి వస్తుంది. దగ్గరికి వెళ్ళు. తలుపు పైన, మామూలుగా గుండ్రటి కిటికీ ఉండాల్సిన చోట కిటికీ లేదు, రాతి పలక ఉంది. మోకరిల్లిన ఫ్రాన్సిస్, ఆయన వంటి మీద క్రీస్తు గాయాలు దిగుతున్న ఘట్టం. ఆ రాయి మన బడిపిల్లల బలపాల రాయి లాంటిది, ఉలికి మెత్తగా లొంగుతుంది, బూడిద ఆకుపచ్చ రంగు. అందుకే మేఘం అంచు, బట్ట ముడత అంత సన్నగా తేలాయి. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ ఆ రాతితో వంట గిన్నెలు తొలుస్తారు. నీ వ్యాసంలో ఆ గిన్నెలకు చోటు దొరికితే నేను సంతోషిస్తాను.

లోపలికి వెళ్ళి తలెత్తు. అతాయిదె అనే చిత్రకారుడు 19వ శతాబ్దం మొదట్లో వేసిన పైకప్పు బొమ్మ అది. చెక్క పలకల మీదే స్తంభాలు గీశాడు, అవి ఇంకా పైకి లేచి ఆకాశంలోకి తెరుచుకున్నట్టు ఉంటాయి. మధ్యలో మేరీ మాత, చుట్టూ వాద్యాలు వాయించే దేవదూతలు. ఆమె ముఖం యూరప్ ముఖం కాదు, మినాస్ వీధుల్లో కనిపించే మిశ్రమ సంతతి స్త్రీ ముఖం. చిత్రకారుడు తన ఇంటి మనిషినే చూసి వేశాడంటారు, అంటారనే రాయి. తర్వాత చాలామంది చూడకుండా వచ్చేసే చోటు ఒకటుంది. పీఠం ఉన్న గర్భాలయంలో గోడల కింది భాగాన నీలం తెలుపు పోర్చుగీసు పెంకుల మీద అబ్రహాము కథ కనిపిస్తుంది. దగ్గరికి వెళితే పెంకులు లేవు. చెక్క మీద పెంకుల్లా రంగు వేశాడు, పెంకుకూ పెంకుకూ మధ్య సందు గీతలతో సహా. సముద్రం దాటి, కంచర గాడిదల మీద కొండలెక్కి రావలసిన సరుకును అతను కుంచెతో తెచ్చేశాడు. బంగారం గురించి పేజీలు రాసే బదులు ఈ సందు గీతల దగ్గర ఒక పేరా ఆగు.

ఇక ఆ రాతి ప్రవక్తలను, సెయింట్ ఫ్రాన్సిస్ తలుపు పైని పలకను చెక్కిన శిల్పి అలెయిజాదిన్యో గురించి. నువ్వు కన్నీళ్ళు పెట్టించావు. పెట్టించకు. అసలు పేరు ఆంతోనియో ఫ్రాన్సిస్కో లిస్బోవా, తండ్రి పోర్చుగీసు మేస్త్రీ, తల్లి ఆయన బానిస. 1770ల చివర జబ్బు పట్టుకుంది, వేళ్ళు పోయాయి, ఉలీ సుత్తీ చేతులకు కట్టించుకుని చెక్కాడు. 1814లో చనిపోయాడు. ఇది చాలా పెద్ద కథ, నిజమే. కాకపోతే ఇందులో చాలా భాగం 1858లో అచ్చయిన జీవితచరిత్ర నుంచి వచ్చింది, అంటే ఆయన పోయిన 44 ఏళ్ళకు. ఏ జబ్బో వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు, నువ్వేమో కుష్ఠు అని తేల్చేశావు. అదే జీవితచరిత్రలో నువ్వు వదిలేసిన సంగతి ఒకటుంది. ఆయన చేతులకు పనిముట్లు కట్టింది మౌరీసియో అనే బానిస. బానిస కడుపున పుట్టిన శిల్పి బానిసలను ఉంచుకున్నాడు. కథానాయకుడి మీద ప్రేమతో ఇలాంటివి దాటవేస్తే పాఠకుడు కాదు, మొదట నువ్వే మోసపోతావు. మౌరీసియో పేరు నీ వ్యాసంలో ఉండాలి.

తవ్విన వాళ్ళ గురించి నీ వ్యాసంలో ఒకే వాక్యం: "వేలాది బానిసల చెమటతో". ఇది ఎవరైనా రాసేదే. పశ్చిమ ఆఫ్రికాలో మినా తీరం అనే చోటి నుంచి మనుషుల్ని ఎక్కువ ధర పెట్టి కొనేవారు, బంగారం ఆనవాలు పట్టడం వాళ్ళకు బాగా తెలుసని. అంటే తెచ్చింది కండబలాన్నే కాదు, విద్యను కూడా. వంగి చెక్క పళ్ళెంలో వాగు ఇసుక గాలిస్తుంటే, నీళ్ళూ ఇసుకా అంచు మీదుగా జారిపోయి బరువైన గింజ అడుగున నిలుస్తుంది. ఆ మణికట్టు తిప్పడం చూపించు. షికో రే కథ కూడా రాయి, అక్కడ ఆయన పేర ఒక గని సొరంగమే ఉంది. కాంగో రాజు బానిసగా వచ్చి, సొంతంగా సంపాదించి, తన వాళ్ళను విడిపించి, సెయింట్ ఎఫిజీనియా చర్చి కట్టించాడని, అక్కడి నల్ల స్త్రీలు తలలో దాచిన బంగారు పొడిని చర్చి తొట్టిలో కడిగేవారని చెబుతారు. ఇది జనం నోటి కథ, పత్రాల్లో దొరికేది కాదు. అయినా వదలొద్దు. ఏది పద్దు, ఏది పుక్కిటి కథ అన్న తేడా నీ వాక్యంలో తెలిస్తే చాలు.

తాతగారు కోలారు చాంపియన్ రీఫ్ గనిలో దిగినవాడని చివరి పేరాలో తెచ్చావు. అది నీకే చెల్లిన సొత్తు, కానీ జాగ్రత్త. చిత్తూరు వైపు నుంచి కోలారు వెళ్ళిన మన వాళ్ళకు కూలి ఉంది, ఎంత తక్కువైనా. కావాలనుకుంటే ఇంటికి తిరిగి వచ్చే దారి ఉంది. విలా రికాలో తవ్విన మనిషికి ఆ రెండూ లేవు. "అక్కడా ఇక్కడా ఒకే చీకటి" అన్న వాక్యం వినసొంపుగా ఉంది, కొట్టెయ్యి. పోలిక కావాలంటే ఇంకోటి ఉంది: 1880లో జాన్ టేలర్ కంపెనీ దిగిన కోలారులో లాభం లండన్ వాటాదార్లకు పోయింది. 2001లో గనులు మూతపడ్డాక మిగిలినవి దొరల బంగళాలు, సైనైడ్ మట్టి దిబ్బలు. విలా రికాలో ఐదో వంతు లిస్బన్ పోయినా, కొంత ఊళ్ళోనే చందాలుగా తిరిగింది. అందుకే అక్కడ చూడడానికి చర్చిలున్నాయి. తాతగారు గని గురించి చెప్పినవి నీకు గుర్తున్నంత వరకు వేరే వ్యాసంగా రాయి.

తిరాదెంతెస్ భాగం సగం చెయ్యి. పోర్చుగల్ పాలన మీద 1789 కుట్ర, అందుకు ఆయనకు 1792 ఏప్రిల్ 21న రియోలో ఉరి, తలను తెచ్చి విలా రికాలో కొయ్యకు గుచ్చడం, ఇవన్నీ అందరికీ తెలిసినవి. ఆయన పేరుతోనే ఊరి నడిబొడ్డు చౌకు ఉంది. ఒక్క మాట చేర్చు: కుట్రలో చేరిన పెద్దమనుషులు చాలామంది ఖజానాకు బాకీ పడ్డవాళ్ళు. గుట్టు బయటపెట్టిన సిల్వెరియో దోస్ రెయిస్‌దీ అదే బాధ. పాత బాకీ వసూలుకు ప్రభుత్వం దిగబోతోందన్న భయం లేకపోతే ఆ గదుల్లో అంత స్వేచ్ఛ గురించి మాట్లాడుకునేవారా అని నాకు అనుమానం.

ఊరు ఎలా మిగిలిందన్నది కూడా ముట్టుకోలేదు నువ్వు. 1897లో రాజధాని బెలో హొరిజోంతెకు తరలిపోయింది. డబ్బున్నవాళ్ళు వెళ్ళిపోయారు, పాతవి పడగొట్టి కొత్తవి కట్టే స్తోమత ఎవరికీ లేదు. 1933లో దేశం దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించింది, 1980లో యునెస్కో జాబితాకెక్కింది. అయినా కొండ కొండే. 2022 జనవరి వానల్లో చరియ విరిగిపడి 19వ శతాబ్దపు మేడ ఒకటి చూస్తుండగానే నేలమట్టమైంది. ముందే ఖాళీ చేయించడంతో ప్రాణాలు పోలేదు.

బెలో హొరిజోంతెలో ఉంటున్నావు కాబట్టి ఇంకోసారి వెళ్ళిరావడం నీకు కష్టం కాదు. ఈసారి రొజారియో చర్చి చూడు, మొదటిసారి వదిలేశావని వ్యాసమే చెబుతోంది. గుండ్రంగా వంపు తిరిగిన గోడలు బయటి నుంచి ఎంత దర్పంగా ఉన్నాయో, లోపల ఎంత సాదాగా ఉందో రెండూ రాసుకో. ఎఫిజీనియా చర్చికి ఎక్కే వాలు మోకాళ్ళు పట్టేస్తుంది, మంచి చెప్పులు వేసుకో. సోమవారం మాత్రం పెట్టుకోకు, చాలా చర్చిలు మూసి ఉంటాయి. రెండో ప్రతితో ఫొటోలు పంపొద్దు. పెంకుల గీతలు నాకు నీ వాక్యాల్లో కనిపించాలి.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి