గ్రాఫిక్స్ కార్డు కూలర్ మార్చాలనుకుంటే ముందు చిప్ పక్కన ఏముందో చూడండి

మీ జీటీఎక్స్ 1070 గ్రాఫిక్స్ కార్డు ఒకే ఫ్యాన్ ఉన్న బ్లోయర్ రకమని, గేమ్ మొదలైన పది నిమిషాలకే 84 డిగ్రీలకు చేరి ఫ్రేములు పడిపోయి ఆట ఆగాగి నడుస్తోందని, ఏ కూలర్ కొనాలని అడిగారు. నాదీ అదే రకం కార్డు. విజయవాడలో, పై అంతస్తు గదిలో, మే నెలలో దాంతో బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో రెండరింగ్ (3డీ సీన్ నుంచి బొమ్మలు తయారు చేయించడం) చేసేవాణ్ణి. కూలర్ మార్చాను, కానీ మొదటిసారి తప్పు చేశాను.

84 చూసి కార్డు కాలిపోతుందని టెన్షన్ పడకండి. ఆ కార్డు 83 దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఫ్రేములు పడిపోయేది అందుకే. గరిష్ఠ పరిమితి 94. కాబట్టి ఈరోజే ఏదో ఒకటి కొనేయక్కర్లేదు.

కేస్ పక్క ప్యానెల్ తీసేసి అదే గేమ్ ఆడి చూడండి. వేడి బాగా తగ్గిందంటే కేస్‌లో గాలి ఆడట్లేదన్నమాట. ముందు వైపు ఒక ఫ్యాన్ బిగిస్తే చాలు. తగ్గకపోతే చిప్ నుంచి కూలర్‌కు వేడిని దాటించే థర్మల్ పేస్ట్ మార్చండి (వారంటీ ఉంటే విప్పే ముందు కనుక్కోండి). నాది సెకండ్ హ్యాండ్ కార్డు. విప్పితే పేస్ట్ ఎండిపోయి గోడ సున్నంలా పెచ్చులుగా ఊడింది. కొత్తది రాశాక 81కి దిగింది, ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు వోల్టేజ్ కొంచెం తగ్గిస్తే 78. వేగం పెద్దగా తగ్గలేదు. చాలామందికి ఇక్కడితో సరిపోతుంది. నాకు మాత్రం రాత్రంతా రెండర్ నడవాలి, ఆ ఫ్యాన్ మోతకి పక్క గదిలో అమ్మకు నిద్ర పట్టేది కాదు. అందుకే కూలర్ కొన్నాను.

రెండు 120 ఎంఎం ఫ్యాన్లు పట్టే పెద్ద కూలర్ అది. బిగించగానే చిప్ 61 చూపించింది. ఎంత సంతోషించానో! ఇరవై నిమిషాలకు స్క్రీన్ నల్లబడింది. మళ్లీ ఆన్ చేసినా అంతే. కేస్ తెరిస్తే వేడిని లాగే చిన్న అల్యూమినియం హీట్‌సింక్ ముక్కలు రెండు కింద పడి ఉన్నాయి.

జరిగింది ఇదీ. బ్లోయర్ కార్డులో పాత కూలర్ కింద ఒక లోహపు ప్లేటు ఉంటుంది. మెమరీ చిప్‌ల వేడినీ, చిప్‌కు కరెంటు సరఫరా చేసే వీఆర్‌ఎం భాగాల వేడినీ లాగేది అదే. కొత్త కూలర్ పట్టడానికి దాన్ని తీసేసి, బదులుగా ఈ ముక్కల్ని థర్మల్ టేపుతో అంటించాను. పాత థర్మల్ ప్యాడ్ల జిడ్డు సరిగ్గా తుడవలేదు. పైగా టవర్ కేస్‌లో కార్డు భాగాలన్నీ నేలవైపు తిరిగి ఉంటాయి, వేడికి టేపు వదిలితే ముక్క కిందే పడుతుంది. నా కార్డులో వీఆర్‌ఎం వేడి ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ కనిపించేది కాదు, అందుకే 61 చూసి మోసపోయాను. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రంగా తుడిచి, కొత్త టేపుతో ఒక్కో ముక్కనూ గట్టిగా నొక్కి, రాత్రంతా కదపకుండా ఉంచాను. ఒక ఫ్యాన్‌ను నేరుగా వీఆర్‌ఎం మీదికి గాలి వచ్చేలా జరిపాను. ఆ తర్వాత మళ్లీ నల్లబడలేదు.

అందుకే కూలర్ ఎంచుకునేటప్పుడు నేను ముందు అడిగేది హీట్ పైపులు ఎన్ని అని కాదు, వీఆర్‌ఎంకు, మెమరీకి ఏం ఇస్తున్నారని. పాత ప్లేటును అలాగే ఉంచి బిగించే వీలుంటే అదే మేలు. తర్వాత చిప్ చుట్టూ ఉన్న నాలుగు స్క్రూ రంధ్రాల మధ్య దూరం స్కేలుతో కొలవండి, కూలర్ వివరాలతో సరిపోవాలి. రైజిన్‌టెక్ మార్ఫియస్ 2 లాంటివాటికి ఫ్యాన్లు విడిగా కొనాలి, ఫ్యాన్లతో కలిపి మదర్‌బోర్డు మీద కార్డులు గుచ్చే స్లాట్లలో మూడింటి చోటుకు పైనే ఆక్రమిస్తాయి. కింద ఇంకో కార్డు ఉంటే పట్టదు. బ్లోయర్ వేడిగాలిని కేస్ వెనక నుంచి బయటికి పంపుతుంది, కొత్త కూలర్ ఆ గాలిని కేస్‌లోకే వదులుతుంది. నా ప్రాసెసర్ 7 డిగ్రీలు పెరిగింది, వెనక ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టాక సర్దుకుంది.

బిగించేటప్పుడు స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొద్దికొద్దిగా తిప్పండి. చిప్ మీద మూత ఉండదు, ఒక మూలే బిగిస్తే అంచు పగలొచ్చు.

మీ కేస్ వెడల్పు, కార్డు కింద ఎన్ని స్లాట్లు ఖాళీగా ఉన్నాయో రాయండి, ఏది పడుతుందో చూసి చెప్తాను.