ఆవకాయ రోజుల్లో నవల

ప్రశ్న: అక్కా, నమస్తే. ఖమ్మంలో ప్రైవేటు స్కూల్ టీచర్ని, ఇద్దరు పిల్లలు, అత్తమ్మ మాతోనే ఉంటారు. మూడేళ్లుగా ఒక ఫాంటసీ నవల అనుకుంటున్నా, అందులో డబ్బుకి బదులు ఉప్పు చెల్లుతుంది. మ్యాపులు గీశా, ఏడు తరాల రాజుల పేర్లు రాశా, నాలుగు నోటుబుక్కులు నిండాయి, కథ మాత్రం రెండో చాప్టర్ దాటలేదు. కూర్చుందామంటే కరెక్షన్లు, వంట, పిల్లల హోంవర్కు. మొన్న మే నెలలో ఆవకాయ పనులతో మూడు వారాలు పెన్ను ముట్టుకోలేదు. ఏదో ఒకటి వదిలేసుకోవాలా?

జవాబు: ఏదీ వదలొద్దు చెల్లీ. నీ ఉత్తరంలో ఆ ఆవకాయ మాట దగ్గరే ఆగిపోయాను నేను. రాళ్ల ఉప్పు ఎండబెట్టి దంచే ఉంటారు కదా, చెమ్మ ఉంటే పచ్చడి పాడైపోతుందని. ఇప్పుడు వానలు పడుతున్నాయి, వంటింట్లో ఉప్పు జాడీ మూత తీసి చూడు, ముద్ద కట్టి అడుగున నీళ్లు చేరి ఉంటాయి. మరి నీ రాజ్యంలో డబ్బే ఉప్పయితే శ్రావణమాసం వచ్చేసరికి ఊళ్లో ఆస్తులు ఏమవుతాయి? ఉన్నవాళ్లు పొయ్యి మీద అటక కట్టి, వేడి తగిలేలా దాచుకుంటారు, లేనివాడి ఇంటికప్పు కారుతుంది, నిన్న తెచ్చుకున్న కూలి తెల్లారేసరికి నీరైపోతుంది. అప్పిచ్చేవాడు ఎండల్లో ఇచ్చి సరిగ్గా ముసురు పట్టినప్పుడు తిరిగి అడుగుతాడు. ఏడు తరాల రాజుల కన్నా ఆ కారే కప్పు కిందే నాకు కథ కనిపిస్తోంది, అది నీకు ఏ మ్యాపూ ఇవ్వలేదు, నువ్వు పోయాయనుకున్న ఆ మూడు వారాలే ఇచ్చాయి.

వీలైతే ఒక్కసారి పిల్లల్ని తీసుకుని ఆంధ్రా సముద్రతీరంలో చినగంజాం వైపు ఉప్పు మళ్లు చూసి రా. మడిలో ఉప్పునీళ్లు పెట్టి ఎండకి వదిలేస్తారు, గడ్డకట్టాక చెక్కపలకతో లాగి కుప్పలు పోస్తారు, అకాల వాన ఒక్కటి పడితే అన్ని రోజుల కష్టం మళ్లీ నీళ్లలో కలిసిపోతుంది.

ఇక టైం సంగతి. రోజుకి 200 మాటలు చాలు, వారానికి 5 రోజులు రాసినా 50 వారాలకి 50,000 మాటలవుతాయి, అది నవలే. పొద్దున్నే అందరూ లేవకముందు అరగంట కథకి మాత్రమే పెట్టుకో, ఆ అరగంటలో మ్యాపు బుక్కు తెరవొద్దు. రాస్తుంటే నది పేరో పన్ను లెక్కో అవసరమైతే అక్కడ గీత గీసి ముందుకెళ్లిపో, ఆదివారం మధ్యాహ్నం ఆ గీతలన్నీ పూరించు. లోకం కట్టడం నీకిష్టమని తెలుసు, నాకూ ఇష్టమే, అందుకే చెప్తున్నా, అది ఎంత కట్టినా తరగదు. ఇంగ్లీషు ఫాంటసీ రచయిత టోల్కీన్ కుర్రతనంలో మొదలుపెట్టిన సిల్మరిలియన్, అంటే ఆయన ఊహాలోకపు పురాణగాథలు, 1973లో ఆయన పోయేనాటికి కూడా పూర్తికాలేదు, తర్వాత కొడుకు సర్ది 1977లో పుస్తకంగా తెచ్చారు. అదే మనిషి ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు చెప్తూ, నలుగురు పిల్లల తండ్రిగా ఉంటూ 1937 డిసెంబర్లో మొదలుపెట్టిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్‌ని 1949కల్లా పూర్తి చేశారు. పన్నెండేళ్లు పట్టింది, నిజమే, కానీ దానికి, ఆయన ముందు నవల హాబిట్ తర్వాత ఇంకోటి ఏదని అడిగే పబ్లిషర్ ఉన్నాడు. మన దాసరి సుబ్రహ్మణ్యం గారు చూడు, 1952లో చందమామలో చేరి ఆఫీసు పని చేసుకుంటూనే అన్ని జానపద సీరియల్స్ రాశారు, నెల తిరిగేసరికి పిల్లలు ఎదురుచూస్తుండేవారు మరి.

నీక్కూడా అలా అడిగే మనిషి ఒకరు కావాలి. మీ అత్తమ్మగారికే చెప్పి చూడు, రాత్రి వంటిల్లు సర్దుకునేటప్పుడు ఆ రోజు రాసింది కథలా చెప్పు. వానాకాలం ఉప్పు ఎలా కాపాడుకోవాలో ఆవిడకి నీకన్నా నాకన్నా బాగా తెలుసు, రేపు మీ కథలో ముసలామె ఏం చేసిందని ఆవిడ అడిగిందంటే నువ్వు రాయకుండా ఉండలేవు.

ప్రశ్న: మేడమ్, బెంగళూరులో ఐటీ జాబ్. వీకెండ్సే రాస్తా, మళ్లీ తెరిచేసరికి ఎవరి వయసెంతో, ఏ ఊరు ఎంత దూరమో అన్నీ మర్చిపోతున్నా. ఏదైనా యాప్ కొనుక్కోమంటారా?

జవాబు: అక్కర్లేదు బాబూ. ఆదివారం రాత్రి ఆపేముందు ఐదు నిమిషాలు ఫోన్ నోట్స్‌లోనే రాసుకో: ఎవరు ఎక్కడున్నారు, ఏ కాలం, ఏ రహస్యం ఎవరికి తెలుసు, వచ్చేవారం మొదటి వాక్యం ఏంటి. దూరాలకైతే కిలోమీటర్లు వద్దు, ప్రయాణమే రాసుకో, పొద్దున ఎడ్లబండి కడితే పొద్దుగూకేలోపు చేరతారా లేదా, అంతే. ఆ మొదటి వాక్యం మాత్రం తప్పకుండా రాసిపెట్టుకో, శనివారం అక్కణ్నుంచే మొదలెట్టొచ్చు.