అమ్మగారి నోటి పుండ్లకు కాంతి చికిత్స: భయపడాల్సిన పని లేదు

గొంతుకు రేడియేషన్ మొదలైన మూడో వారంలో అమ్మగారి నోరంతా పుండ్లు పడ్డాయని, ఆసుపత్రివారు సూచించిన లేజర్ కాంతి ఇంకా కాలుస్తుందేమోనని రాశారు. మా నాన్నగారి పక్కనే కూర్చుని చేయించాను. ఇది కాల్చదండీ.

దీని పేరు ఫొటోబయోమాడ్యులేషన్. వాడేది తక్కువ శక్తి గల ఎరుపు లేదా పరారుణ కాంతి. కోత పెట్టే లేజర్ వేరు. కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియా ఈ కాంతిని గ్రహించడం వల్ల వాపు తగ్గి పుండు మానుతుందని వైద్యుల వివరణ. నాన్నగారికి రక్షణ కళ్లద్దాలు పెట్టి, పెన్నులాంటి కడ్డీని బుగ్గ లోపల, నాలుక అంచున ఒక్కో చోట కొన్ని క్షణాలు ఆనించేవారు. బుగ్గ బయటికి ఎర్రగా వెలిగేది. ఆయన ఒక్కసారి కూడా ముఖం చిట్లించలేదు.

నిజానికి దీని బలం ఎక్కువగా నివారణలో ఉంది. తల, మెడ రేడియేషన్ తీసుకునేవారికి పుండ్లు రాకుండా దీన్ని వాడాలని 2020 నాటి అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫార్సు చేశాయి. పుండ్లు వచ్చాక కూడా నొప్పి తగ్గించడానికి చేస్తారు. కనుక వాయిదా వేయకండి.

కణితి ఉన్న చోట కాంతి పడకుండా ఏ జాగ్రత్త తీసుకుంటారో మాత్రం తప్పక అడగండి. ఇంట్లో వాడుకునే ఎర్ర దీపాలు దీనికి బదులు కావు. కాంతి తరంగదైర్ఘ్యం, మోతాదు లెక్కగా ఉండాలి. ఆల్కహాల్ కలిసిన మౌత్‌వాష్ ఉంటే ఈ రోజే మానిపించండి. నీళ్లు కూడా దిగకపోతే రేపటిదాకా ఆగకుండా వెంటనే డాక్టరుకు ఫోను చేయండి.